మౌనం అంగీకారమేనా?

1996లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో ఒక వ్యక్తికి రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. అప్పటికే ఆయనకు మధుమేహం ఉంది, గుండెజబ్బు ఉంది. ఆ ఏడాదే పక్షవాతం కూడా వచ్చింది. ఉద్యోగం లేదు. కొంతకాలం ప్రైవేటులో డయాలిసిస్ చేయించుకున్నాడు, చేతిలో ఉన్న డబ్బు అయిపోయింది. ప్రభుత్వ ఆస్పత్రికి వెళితే, మీకు చేయడానికి వీలుపడదన్నారు.

కారణం లెక్కల్లో ఉంది. ఆ ఆస్పత్రిలో ఉన్నవి 20 డయాలిసిస్ యంత్రాలు. వాటిలో కొన్ని సరిగా నడవనివి. ఒక్కో రోగికి నాలుగు గంటలు పడుతుంది. తర్వాత యంత్రాన్ని శుభ్రం చేయడానికి మరో రెండు గంటలు కావాలి. రోగులేమో అంతకంటే ఎంతో ఎక్కువ మంది. అందువల్ల వైద్యులు ఒక నియమావళి వ్రాసుకున్నారు. మూత్రపిండ మార్పిడికి తగినవారినే దీర్ఘకాల డయాలిసిస్‌కు తీసుకోవాలి, గుండె, రక్తనాళాల జబ్బు ముదిరినవారు అందుకు తగరు అన్నది దాని సారాంశం. ఈయనకు గుండెజబ్బు ఉంది కనుక పేరు జాబితాలోకి రాలేదు.

ఆయన ఊరుకోలేదు. దేశంలో కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అందులో ప్రతి ఒక్కరికీ వైద్య సేవలు పొందే హక్కు ఉందని వ్రాసి ఉంది, అత్యవసర వైద్యం ఎవరికీ నిరాకరించరాదనీ ఉంది. ఆ మాటలు పట్టుకొని ఆయన రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళాడు. 1997 నవంబరు 27న తీర్పు వచ్చింది. ఆయన ఓడిపోయాడు. ఉన్న వనరుల మేరకే ఆ హక్కు వర్తిస్తుందనీ, వైద్యాధికారులు సదుద్దేశంతో, సహేతుకంగా తీసుకున్న నిర్ణయంలో జోక్యం చేసుకోవడానికి న్యాయస్థానం తొందరపడదనీ న్యాయమూర్తులు అన్నారు. ఆయనే ధనవంతుడై ఉంటే ఎక్కడైనా డబ్బు పెట్టి వైద్యం చేయించుకోగలిగేవాడన్న చేదు నిజాన్ని కూడా తీర్పులోనే ఒప్పుకున్నారు. కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు.

డర్బన్ మనకు మరీ పరాయి ఊరేమీ కాదు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల కూలీకి వెళ్ళినవారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి సంతానం ఇప్పటికీ ఆ నగరంలో ఉంది. అయితే మేము ఈ సంగతి ఎత్తింది అందుకు కాదు, తీర్పు తప్పా ఒప్పా అని తేల్చడానికీ కాదు. మా ప్రశ్న వేరు. ఎవరికి చికిత్స, ఎవరికి లేదు అన్న నియమం మీద కొందరు పెద్దలు ఒక గదిలో కూర్చొని ‘మేమంతా ఏకాభిప్రాయానికి వచ్చాం’ అంటారు. ఆ ఏకాభిప్రాయం ఎప్పుడు నిజమైనది? దానికి కట్టుబడాల్సిన బాధ్యత, ఆ గదిలో లేని రోగికి ఎక్కడి నుండి వస్తుంది?

ఈ ప్రశ్న అన్ని దేశాలకూ ఉన్నదే. కాని కొత్తగా ప్రజాస్వామ్యం వచ్చిన దేశంలో దీని బరువు ఎక్కువ. ఎందుకంటే అక్కడి ప్రజలు మాట్లాడకపోవడమే క్షేమమని తరాల తరబడి నేర్చుకున్నవారు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నడిచిన రోజుల్లో ఆస్పత్రులు కూడా రంగును బట్టి వేరువేరుగా ఉండేవి. 1977లో నల్లజాతి యువనాయకుడు స్టీవ్ బికో పోలీసుల నిర్బంధంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. దెబ్బ తగిలాక ఆయన్ను పరీక్షించిన ప్రభుత్వ వైద్యులు ఉన్నారు. వారు చూశారు, చూసి పోలీసులు చెప్పినదానికి తలూపారు. ఆయన్ను వాహనంలో పడవేసి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్రిటోరియాకు తరలిస్తుంటే అడ్డుచెప్పలేదు. అంతకంటే విచిత్రం తర్వాత జరిగింది. వైద్యుల ప్రవర్తనను విచారించవలసిన దేశ వైద్య మండలి 1980లో, ఇందులో విచారించడానికి ఏమీ లేదని తేల్చింది. పెద్ద పెద్ద వైద్యులున్న మండలి అది. కూర్చున్నారు, చర్చించారు, ఒక మాట మీదికి వచ్చారు. దాన్ని కూడా ఏకాభిప్రాయమే అనాలా?

కేప్‌టౌన్ వైద్యురాలు ఫ్రాన్సిస్ ఏమ్స్, జోహాన్నెస్‌బర్గ్‌కు చెందిన డాక్టర్ యూసుఫ్ వెరియావా వంటి కొద్దిమంది మాత్రం ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్ళారు. 1985లో కోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చి, మండలి మళ్ళీ విచారించేలా చేసింది. ఆ కేసు న్యాయగ్రంథాల్లో వెరియావా పేరుతోనే ఉంది. జనాభాలో రెండు శాతం కూడా లేని ముస్లిం సమాజం నుండి వచ్చిన ఒక వైద్యుడు, తన వృత్తిపెద్దలందరి ‘ఏకాభిప్రాయాన్ని’ కాదనడం ఎంత కష్టమో ఊహించండి. ఇదే దేశంలో 1969లో ఇమామ్ అబ్దుల్లాహ్ హారూన్‌ను 123 రోజులు నిర్బంధంలో ఉంచారు. చనిపోతే మెట్ల మీద నుండి జారిపడ్డాడన్నారు. ఆ మాట తప్పని, చిత్రహింసల వల్లే మరణించాడని కోర్టు చెప్పడానికి 2023 దాకా, అంటే 54 సంవత్సరాలు పట్టింది.

1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవారూ ఓటు వేశారు. ప్రభుత్వం మారింది. 1997 జూన్‌లో సత్య, సమాధాన సంఘం కేప్‌టౌన్‌లో వైద్య రంగంపై ప్రత్యేకంగా విచారణ జరిపింది. వైద్యులు ఏమి చేశారన్నదే కాదు, ఎందుకు నోరు మెదపలేదన్నది కూడా అక్కడ చర్చకు వచ్చింది. తర్వాత 2003లో చేసిన జాతీయ ఆరోగ్య చట్టం ఎథిక్స్ కమిటీలకు చట్టబద్ధత ఇచ్చింది. మనుషులపై వైద్య పరిశోధన జరిపే ప్రతి సంస్థకూ ఒక కమిటీ ఉండాలి, వాటన్నిటిపై ఒక జాతీయ మండలి ఉండాలి. కమిటీలో వైద్యులే కాక చట్టం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు కూడా కూర్చోవాలి. నిజానికి అటువంటి కమిటీ ఆ దేశానికి కొత్త కాదు, జోహాన్నెస్‌బర్గ్‌లోని విట్స్ విశ్వవిద్యాలయంలో 1966లోనే ఏర్పడింది. కొత్త సంగతల్లా సామాన్యుడికి కూడా కుర్చీ వేయడం. కుర్చీ వేసినంత మాత్రాన నోరు వస్తుందా?

ఇటువంటి సమావేశాలు ఎలా సాగుతాయో, ఏ కమిటీలోనైనా ఒకసారి కూర్చున్నవారికి తెలుసు. సాధారణంగా ఓట్లు లెక్కించరు. ప్రాణాల విషయంలో అయిదుగురు ఇటు, నలుగురు అటు అని వ్రాసుకోవడం ఎవరికీ బాగుండదు. చర్చ ముగిశాక అధ్యక్షుడు చుట్టూ చూసి ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అంటాడు. ఎవరూ మాట్లాడరు. ‘ఏకగ్రీవం’ అని పుస్తకంలో వ్రాస్తారు. మాట్లాడనివారిలో నిజంగా ఒప్పుకున్నవాడు ఉంటాడు, విషయం అర్థంకానివాడు ఉంటాడు, ప్రొఫెసరు గారి ముందు నేనేమి చెప్పగలనని ముడుచుకుపోయినవాడూ ఉంటాడు. పుస్తకంలో మాత్రం ముగ్గురూ ఒక్కటే. మన మస్జిద్ కమిటీల సమావేశాలు చూసినవారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదనుకుంటాం.

మౌనం అర్ధాంగీకారం అని తెలుగులో ఒక మాట ఉంది. దీనిపై మన ధర్మశాస్త్రం ఏమంటుంది?

సలహా సంప్రదింపులు మనకు ఇష్టముంటే చేసుకునేవి కావు. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని దివ్య ఖుర్ఆన్‌లోని అష్ షూరా సూరా 38వ ఆయత్ వారి గుణగణాలలో ఒకటిగా పేర్కొంది. ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో, సాక్షాత్తూ దైవప్రవక్త (స) వారినే సహచరులతో సంప్రదించమని అల్లాహ్ ఆదేశించాడు. ఈ ఆయత్ ఉహుద్ యుద్ధం తర్వాత అవతరించింది. ఆ యుద్ధానికి ముందు ఎక్కువమంది సలహాను అనుసరించి ఊరు దాటి వెళ్ళారు, నష్టం జరిగింది. అయినా సంప్రదించడం మానమని కాదు, సంప్రదించమనే ఆజ్ఞ వచ్చింది.

వైద్యానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో దొరుకుతుంది. సర్గ్ అనే చోటికి చేరుకోగానే సేనానులు ఎదురువచ్చి, సిరియాలో ప్లేగు సోకిందని చెప్పారు. ముందుకు వెళ్ళాలా, వెనక్కి మళ్ళాలా? ఉమర్ (రజి) మొదట తొలితరం ముహాజిర్లను పిలిపించారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. వారిని పంపి అన్సార్లను పిలిపించారు. వారూ అలాగే రెండుగా చీలారు. అప్పుడు మక్కా విజయ కాలంలో వలస వచ్చిన ఖురైష్ పెద్దలను పిలిపించారు. వారు మాత్రం ఒకే మాటగా, ప్రజలను తీసుకొని వెనక్కి మళ్ళమన్నారు. ఉమర్ (రజి) అలాగే ప్రకటించారు. సేనాధిపతి అబూ ఉబైదా (రజి) అందరి ముందే అభ్యంతరం తెలిపారు, అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అన్నారు. ఖలీఫా ఆయన నోరు మూయించలేదు. విధి నుండి విధి వైపుకే వెళ్తున్నామని, పచ్చిక ఉన్న వాలు, ఎండిన వాలు ఉన్న లోయలో ఒంటెలను మేపుకునేవాని ఉపమానంతో నచ్చజెప్పారు. తర్వాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న చోటికి వెళ్ళవద్దు, ఉన్న చోటు నుండి పారిపోవద్దు అన్న అర్థం గల ప్రవక్త (స) బోధనను వినిపించారు.

ఈ హదీసును మనం ఎక్కువగా అంటువ్యాధుల విషయంలోనే చెప్పుకుంటాం. కరోనా రోజుల్లో దీన్ని వినిపించని ఖతీబ్ లేడు. కాని ఇందులో సంప్రదించిన పద్ధతి కూడా ఉంది. అందరినీ ఒకే గుడారంలో కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టి ఉంటే, తొలి ముహాజిర్ల ముందు ఆలస్యంగా ఇస్లాం స్వీకరించినవారు నోరు తెరిచేవారా? ఎవరి మాట వారు జంకు లేకుండా చెప్పగలిగేలా విడివిడిగా పిలిచారు. మొదటి వర్గం దగ్గరే ఆగిపోలేదు.

మదరసాలో ‘నూరుల్ అన్వార్’ చదివే రోజుల్లో ఇజ్మా అధ్యాయం దగ్గర మాకు చాలాకాలం పట్టింది. ఒక సమస్యపై కొందరు ధర్మపండితులు తమ అభిప్రాయం చెప్పారు, మిగతావారికి అది తెలిసింది, వారు మౌనం వహించారు. దీన్ని ఏకాభిప్రాయంగా లెక్కించవచ్చా? దీనికి ‘ఇజ్మాయె సుకూతీ’ అని పేరు. మాట్లాడనివానికి మాట అంటగట్టరాదన్నది ఇమామ్ షాఫయీ (రహ్మ) వైఖరి. మన హనఫీ పండితులు దాన్ని ప్రమాణంగా స్వీకరించారు, అయితే ఊరికే కాదు. విషయం వారికి పూర్తిగా తెలిసి ఉండాలి, ఆలోచించుకోవడానికి తగినంత సమయం గడవాలి, భయం గాని మొహమాటం గాని ఉండకూడదు, అయిష్టం సూచించే గుర్తు ఏదీ కనిపించకూడదు. ఈ షరతులన్నీ ఉంటేనే మౌనం అంగీకారం. మాకు పాఠం చెప్పిన ఉస్తాద్ ‘సమఝ్ గయే?’ అని అడిగితే తరగతి అంతా నిశ్శబ్దం. వారు అంతటితో వదలక వెనుక వరుసలో ఉన్నవాణ్ణి లేపి చదివించేవారు. మా మౌనం ఏ రకమైనదో వారికి బాగా తెలుసు!

అవుల్ మసలా ఈ చర్చలో తప్పక వస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒక స్త్రీ భర్తను, ఇద్దరు అక్కచెల్లెళ్ళను వదిలి చనిపోయింది. భర్త వాటా సగం. అక్కచెల్లెళ్ళ వాటా మూడింట రెండు వంతులు. రెండూ కలిపితే ఆస్తి కంటే ఎక్కువ అవుతోంది. సంప్రదింపుల తర్వాత, అందరి వాటాలూ దామాషా ప్రకారం తగ్గించాలని నిర్ణయమైంది. ఉమర్ (రజి) మరణించాక హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తాము దీనితో ఏకీభవించమని చెప్పారు. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, ఉమర్ (రజి) పట్ల ఉన్న జంకు వల్ల చెప్పలేదన్నారని ఒక ఉల్లేఖనం. ఈ ఉల్లేఖనాన్ని హనఫీ ఉసూల్ పండితులు ఒప్పుకోరు. సత్యం వినడానికి ఉమర్ (రజి) కంటే సిద్ధంగా ఉన్నవారెవరు, ఇబ్నె అబ్బాస్ (రజి) వంటివారు సత్యాన్ని దాచుతారా అంటారు. వారి మాటలో బలం ఉంది. కాని రెండు పక్షాలూ ఒక విషయం ఒప్పుకుంటున్నట్టే. జంకు నిజంగా ఉండి ఉంటే ఆ మౌనం లెక్కలోకి రాదు.

దీనికంటే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన సంఘటన మరొకటి ఉంది. భర్త ఊళ్ళో లేని ఒక స్త్రీని విచారణకోసం ఉమర్ (రజి) పిలిపించారు. ఆమె గర్భవతి. ఖలీఫా నుండి కబురు రాగానే భయపడిపోయింది. దారిలోనే నొప్పులు వచ్చి ప్రసవించింది, బిడ్డ చనిపోయాడు. ఉమర్ (రజి) సహాబాలను సమావేశపరచి, ఇందులో నా బాధ్యత ఏమైనా ఉందా అని అడిగారు. మీరు పాలకులు, సంస్కరించడానికే పిలిపించారు, మీ మీద ఏమీ లేదని కొందరు అన్నారు. హజ్రత్ అలీ (రజి) మౌనంగా ఉన్నారు. ఉమర్ (రజి) ఆ మౌనాన్ని అంగీకారంగా వ్రాసుకొని లేచిపోలేదు. ఆయన వైపు తిరిగి, మీరేమంటారని అడిగారు. వీరు తమ అభిప్రాయంగా చెప్పి ఉంటే పొరబడ్డారు, మీ మెప్పుకోసం చెప్పి ఉంటే మీకు హితవు చెప్పలేదు, ఆమె భయపడింది మీ వల్లనే కనుక బిడ్డ రక్తపరిహారం మీ మీద ఉంది అన్న అర్థంలో అలీ (రజి) జవాబిచ్చారు. ఉమర్ (రజి) అంగీకరించి పరిహారం చెల్లించే ఏర్పాటు చేయించారు. దీని ఉల్లేఖన పరంపరపై చర్చ ఉంది. అయినా ఫుఖహాలు దీన్ని రక్తపరిహారం అధ్యాయాల్లోనూ, మౌనం గురించిన చర్చలోనూ ప్రస్తావిస్తూ వచ్చారు.

ఆ సభలో ఆ తల్లి లేదు. అయినా ఆమె భయాన్ని ఒకరు సభలోకి తెచ్చారు. అదీ అడిగినందువల్ల.

ఇక్కడ చదువుకున్న పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు. నికాహ్‌లో కన్య మౌనమే ఆమె సమ్మతి అని హదీసులో ఉంది కదా? ఉంది. అది సిగ్గు వల్ల ఇచ్చిన సౌలభ్యం. దాని హద్దులు చూడండి. ఇంతకుముందు పెళ్ళి జరిగిన స్త్రీ నోటితో చెప్పవలసిందే. కన్య విషయంలో కూడా, వరుడెవరో ఆమెకు తెలియజెప్పాలి. గొల్లున ఏడిస్తే అది సమ్మతి కాదు. అన్నిటికంటే ముఖ్యం, అడిగేవాడు ఆమె వలీ అయి ఉండాలి. పరాయివాడు వచ్చి అడిగితే మౌనం చాలదు, ఆమె మాట్లాడాలి అని ‘హిదాయా’లో స్పష్టంగా ఉంది. తన మేలు కోరే తండ్రి ముందు ఉన్న మౌనానికీ, ఎవరో తెలియని అధికారి ముందు ఉన్న మౌనానికీ ఫుఖహాలు ఇంత తేడా చూశారు. ఆస్పత్రి కమిటీ రోగికి వలీ కాదు.

ఈ కొలతతో మళ్ళీ దక్షిణాఫ్రికాకు వెళ్దాం. కేప్‌టౌన్ దగ్గరి టైగర్‌బర్గ్ ఆస్పత్రిలో 1988 నుండి 2003 వరకు డయాలిసిస్ కోసం పరిశీలించిన రెండు వేల నాలుగు వందలకు పైగా రోగుల వివరాలను ప్రొఫెసర్ రఫీక్ మూసా బృందం 2006లో ప్రచురించింది. సగానికి పైగా రోగులకు చికిత్స దక్కలేదు. ఎవరికి దక్కిందని చూస్తే, వయసులో ఉన్నవారికి, ఉద్యోగం ఉన్నవారికి, పెళ్ళయినవారికి, తెల్లవారికి అవకాశం ఎక్కువగా కనిపించింది. ఆ పదహారేళ్ళలో సగం పైగా కాలం ప్రజాస్వామ్యం వచ్చిన తర్వాతిదే. కమిటీలో ఎవరూ రంగు చూసి ఎంపిక చేద్దామని అని ఉండరు. ఇల్లు, నీటి వసతి, రవాణా, తోడు ఉన్నవారే చికిత్సను నిలబెట్టుకోగలరని వైద్యులు అనుకోవడం సహజమే. కాని ఇల్లు, నీరు ఎవరికి లేకుండా చేశారు? పాత అన్యాయం కొత్త నియమం వెనుక నుండి లోపలికి వచ్చింది. గదిలో ఉన్నవారి ఏకాభిప్రాయానికి అది కనిపించలేదు. మెచ్చుకోవలసిందేమంటే, దాన్ని బయటపెట్టింది ఆ వైద్యులే.

వైద్యం వైద్యులకు తెలుస్తుంది, సామాన్యుడికి అక్కడ ఏం పని అనేవారు ఉన్నారు. తెలియకపోతే తెలిసినవారిని అడగమని ఖుర్ఆన్ చెబుతోంది కదా అంటారు. నిజమే. మూత్రపిండం ఎంత చెడిందన్నది తెలిసినవారే చెప్పాలి. ఇద్దరిలో ఎవరు బ్రతకడానికి ఎక్కువ తగినవారన్నది మూత్రపిండ శాస్త్రంలో ఉండదు. అలాగని సామాన్యులను కూర్చోబెడితే చాలని కూడా మేము అనం. 1962లో అమెరికాలోని సియాటిల్ నగరంలో డయాలిసిస్‌కు రోగులను ఎంపిక చేయడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ఒక న్యాయవాది, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వారు రోగుల ఆదాయం, చదువు, చర్చికి వెళ్ళే అలవాటు అన్నీ చూశారు. తమలాంటివారినే తగినవారుగా ఎంచుతున్నారన్న విమర్శ వచ్చింది. సామాన్యులే ఉన్నారు, అయినా తూచిన తూకం రాళ్ళు వారి ఇంటివే.

2010లో కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో కొత్త నియమావళి చేశారు. నార్మన్ డేనియల్స్, జేమ్స్ సాబిన్ అనే అమెరికా పండితుల ఆలోచన దానికి ఆధారం. కమిటీ చూపే కారణాలు విషయానికి సంబంధించినవై, న్యాయమైన మనుషులు ఒప్పుకోగలిగేవిగా ఉండాలి, అవి అందరికీ తెలిసేలా ప్రకటించాలి, నిర్ణయం నచ్చనివారికి తిరిగి అడిగే దారి ఉండాలి, ఇవన్నీ అమలవుతున్నాయో లేదో చూసేవారుండాలి. రోగులను మూడు వర్గాలు చేశారు. మొదటి వర్గానికి తప్పక చికిత్స, రెండవ వర్గానికి వనరులను బట్టి, మూడవ వర్గానికి లేదు. హనఫీ పండితులు మౌనానికి పెట్టిన షరతులను తెలిసినవారికి ఈ నాలుగు మాటలు పరాయిగా అనిపించవు. విషయం తెలియాలి, వ్యవధి ఉండాలి, జంకు లేకుండా కాదనగలిగే వీలుండాలి. కాదనడానికి దారి ఉండి కూడా కాదనకపోతేనే కదా అది అవునవుతుంది!

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. గర్భవతి నుండి బిడ్డకు ఎయిడ్స్ క్రిమి సోకకుండా ఆపే నెవిరాపిన్ మందును ప్రభుత్వం రాష్ట్రానికి రెండు కేంద్రాల చొప్పున 18 చోట్లకే పరిమితం చేస్తే, రోగులు, వారి మద్దతుదారులు వీధుల్లోకి వచ్చారు, కోర్టుకు వెళ్ళారు. 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం వారికి అనుకూలంగా తీర్పునిచ్చింది. అయిదేళ్ళ క్రితం డర్బన్ రోగిని కాదన్న న్యాయస్థానమే ఇది. తేడా ఏమిటి? మందు ఉంది, ఇవ్వగలిగే ఆస్పత్రులు ఉన్నాయి, ఇవ్వకపోవడానికి చూపిన కారణం నిలబడలేదు. కారణం బయటికి చెప్పవలసి వచ్చినప్పుడే అది నిలబడుతుందో లేదో తెలిసింది.

అవుల్‌లో వాటాలు ఎక్కువై ఆస్తి తక్కువైతే అందరికీ కొంచెం కొంచెం తగ్గించారు. డయాలిసిస్‌లో అలా చేయవచ్చా? మన దేశంలో ఎన్నో చోట్ల వారానికి మూడుసార్లు చేయవలసిన రోగికి రెండుసార్లే చేస్తున్నారు. అది ఒక విధంగా అవులే. కాని దానికీ ఒక హద్దుంది. ఇంకా తగ్గిస్తే ఇద్దరూ పోతారు. అక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరికి కాదని చెప్పక తప్పదు. ఆ చెప్పడం ఎలా అన్నదే కమిటీకి మిగిలే పని.

హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు ఖాజీగా పంపుతూ, ఇద్దరిలో రెండవవాని మాట కూడా వినేదాకా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. విన్నంత మాత్రాన తీర్పు మారుతుందని అందులో లేదు. మారకపోయినా వినాలి.

డర్బన్ రోగి మాట్లాడాడు. ఆయన మాట వల్ల ఒక్క యంత్రం కూడా పెరగలేదు, ఆయన ప్రాణం దక్కలేదు. ఈ కష్టాన్ని మేము తక్కువ చేయం. కాని దేశంలోని అత్యున్నత న్యాయమూర్తులు ఆయన మాట విని, ఎందుకు కాదంటున్నారో వాక్యం వాక్యం వ్రాసి జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పును ఈనాటికీ వైద్యులు, న్యాయవాదులు చదువుతున్నారు, విభేదిస్తున్నారు. ఆయనకు ముందు ఎంతమంది ఆ ఆస్పత్రి మెట్ల మీద నుండి ఏమీ అనకుండా వెనుదిరిగారో, వారికి కారణం ఎవరు చెప్పారో ఏ తీర్పులోనూ లేదు.